తిప్పిపంపిన బియ్యం

మా నాయనమ్మ మాణిక్యమ్మకు పేటలో అందరూ భయపడేవాళ్లు, పాస్టరు గారితో సహా. బందరు కాలువ పక్కన మా చర్చిలో పిడికెడు బియ్యం పోగుచేసే పని ఆవిడది. ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికని ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం తెచ్చి నాయనమ్మ పట్టుకున్న గంపలో పోసేది. అవి మంచి బియ్యమో నూకలో పడిన చప్పుడును బట్టి చెప్పేసేది మా నాయనమ్మ. ఇప్పుడు నేను వెళ్లే పటమట చర్చిలో కానుకలకు కవర్లు పంచుతారు. నాకు మాత్రం ఆ గంప చప్పుడు వినాలనిపిస్తుంది.

డెబ్భై ఆరు క్రిస్మస్ ముందు ఆదివారం, రావమ్మ వంతు వచ్చేసరికి నాయనమ్మ గంప వెనక్కి లాక్కుంది. రావమ్మ మొగుడు పోయాక కాలువగట్టు మీది కల్లుపాకలో కుండలు కడిగి పిల్లల్ని సాకుతోంది.

“కల్లు కుండలు కడిగే చేతి బియ్యం దేవుడికొద్దు. తీసుకుపో,” అంది నాయనమ్మ, అందరి ముందూ.

రావమ్మ ఆ బియ్యం కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ చర్చికి రాలేదు. నాకప్పుడు పదేళ్లు. ఆ పాకలో రోజూ తాగేది మా నాన్న ఇశ్రాయేలు అని నాకు తెలుసు, పేటంతటికీ తెలుసు. కొడుకును పల్లెత్తు మాట అనలేని మనిషి, వాడు తాగిన ముంత కడిగిన దాని మీద విరుచుకుపడింది. దానికి భక్తి అని పేరు పెట్టుకుంది. నాయనమ్మంటే నాకు ప్రాణమే, అయినా ఉన్నమాట చెప్పాలి.

మరుసటి నవంబరులో దివిసీమ తుపాను వచ్చింది. మా దాకా ఉప్పెన రాలేదు గానీ చర్చి కప్పు ఎగిరిపోయింది, కాలువకు గండిపడి పేట మునిగింది. ఏ ఇంట్లోనూ పొడి గింజ లేదు. బెజవాడ నుంచి వచ్చే లారీలు గండి అవతలే ఆగిపోయాయి. పిల్లలం ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాం.

రెండో రోజు గట్టు మీద పొగ కనిపించింది. ఎత్తున ఉన్న తన ఇంటి ముందు రావమ్మ గంజి కాస్తోంది. అందరం గిన్నెలు పట్టుకుని పరుగెత్తాం. నాయనమ్మ అందరికంటే వెనక నిలబడింది. రావమ్మ ఆవిడ గిన్నె కూడా నింపింది.

“ఇన్ని బియ్యం నీకెక్కడియ్యే?”

“నువ్వొద్దన్నయ్యే అత్తా. నువ్వు తిప్పిపంపినా పిడికెడు తియ్యటం మాత్రం మాన్లేదు. వేపాకేసి కాగులో దాచా. దేవుడికని తీసినయ్యి నేనెట్టా తింటా? ఇయ్యాల ఆయన పిల్లలే పస్తుంటే ఇంకెవరికని దాచను?”

నాయనమ్మ గిన్నె కింద పెట్టేసింది. చాలాసేపటికి, చల్లారిపోయాక, ఏడుస్తూ తాగింది.

ఆ ఆదివారం తనే వెళ్లి రావమ్మను చర్చికి తీసుకొచ్చింది. కప్పులేని చర్చిలో ఎండలో కూర్చున్నాం. ఎవరి సంగతి వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ నాయనమ్మ లేచింది.

“తాగింది నా కొడుకు. వాణ్ణి అనే ధైర్యం లేక రావమ్మనన్నా. పైగా దేవుడి పేరు చెప్పి అన్నా,” అంది. మా నాన్న తల వంచుకున్నాడు. ఆవిడ రావమ్మ ముందు మోకరించి కొంగు పట్టింది. “నీ పిడికెడు వెయ్యవే తల్లీ.”

రావమ్మ కంగారుపడింది. “ఎక్కణ్ణుంచి తెచ్చేదత్తా? అన్నీ మీ పొట్టల్లోకే పోయినయ్యిగా!”

ముందు పాస్టరు గారు నవ్వారు, తర్వాత అందరం. నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

మా నాన్న ఆ రోజే తాగుడు మానేశాడంటే అబద్ధం. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నాయనమ్మ రోజూ సాయంత్రం కల్లుపాకకు వెళ్లి, కొడుకు లేచి ఇంటికొచ్చేదాకా రావమ్మ పక్కన కూర్చుని కుండలు కడిగేది. ఆదివారం ఆ చేతులతోనే గంప పట్టుకునేది.