సిస్టం సారు కవర్లు

సిస్టం సారు పోయారని పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ పెట్టేశాక మిగిలిన కాయలకు కూడా తీసి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చున్నాను. పని సగంలో వదలడం ఆయనకూ నచ్చేది కాదు.

ఎనభైల చివరి ఏళ్ళలో జహీరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ గుమాస్తాను. బోల్టు కానీ బెల్టు కానీ, నా బీరువాలోంచి ఏది బయటికి వెళ్ళినా రిజిస్టర్లో ఎక్కాల్సిందే. ఆ రోజుల్లోనే యూనిక్స్ అనే సిస్టం మీద నడిచే కంప్యూటర్ వచ్చింది. యంత్రం ఒక్కటే, అద్దాల గదిలో ఉండేది. దానికి వైర్లతో కలిపిన తెరలు ఆరు, ఆఫీసులో కొన్ని, లారీల గేటు దగ్గర కొన్ని. వాటన్నిటినీ చూసుకోవడానికి వచ్చినాయన సిస్టం సారు. రాయికోడ్ వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న.

మాకు పాఠాలు ఆయనే చెప్పేవారు. కొత్త మాట ఒకటి రాగానే నేను ఆపేదాన్ని.

"సార్, ఒక్క వాక్యంల చెప్పున్రి. రెండు పట్టినయంటే మీకే తెల్వదన్నట్టు."

"అక్కా, పాఠం నేను చెప్తున్ననా, పరీక్ష రాస్తున్ననా?" అని నవ్వి, ఒక్క వాక్యంలోనే చెప్పేవారు. లాగిన్ అంటే గేటు కాడ పేరు చెప్పుడు. పాస్‌వర్డ్ అంటే ఆ పేరు నీదేనని రుజువు చేసుడు. డైరెక్టరీ అంటే బీరువాల అర, దాంట్ల ఇంకో అర గూడ ఉండొచ్చు. నెట్‌వర్క్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించారు. "ఝరాసంగం బస్సుల యాభై మంది ఎక్కుతరు, ఎవలు దిగే ఊరు వాళ్ళ టికెట్ మీద ఉంటది. యంత్రాల ముచ్చట్లు గూడ గట్లనే, ప్రతి ముక్క మీద అడ్రస్ ఉంటది." అవి రెండు వాక్యాలు. అయినా ఊరుకున్నాను.

రూట్ అనే మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. "రూట్ పేరుతోటి లోపలికి పోయినోనికి అన్ని తాళాలు తెరుచుకుంటయ్ అక్కా, 'నిజంగనా?' అని యంత్రం అడగను గూడ అడగది." రూట్‌గా పని ఉంటే ఆయన పని ముగించుకుని బయటికి వచ్చాకే చాయ్ ముట్టేవారు.

ఆ రూట్ పాస్‌వర్డ్ ఆయన ఒక్కరికే తెలుసు. మూడు నెలలకోసారి మార్చి, కాగితం మీద రాసి కవర్లో పెట్టి అతికించేవారు. అతికిన చోట అడ్డంగా ఆయన సంతకం, నా సంతకం. కవరు నా బీరువాలో ఉండేది. కొత్తది తెచ్చిన రోజు పాతదాన్ని తెరవకుండానే తీసుకెళ్ళేవారు.

"నేను లేనప్పుడు నువ్వే తెరువు. ఉన్నప్పుడు నేనడిగినా ఇయ్యకు," అనేవారు.

ఒక ఎండాకాలం ఆయనకు గుండెనొప్పి వచ్చి దవాఖానలో చేరారు. ఐదో రోజు ఆరు తెరలూ బిగుసుకుపోయాయి. చలాన్లు రాక గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి. మేనేజర్‌కు ముందే ఆయన మీద గుర్రు. నా బల్ల దగ్గరికి వచ్చి అందరూ వినేలా అన్నాడు. "రెండు గంటలు చూస్త. నడవకపోతే హైదరాబాద్ నుంచి వేరే మనిషిని పిలిపిస్త. మీ సారుకు ఇగ దవాఖాననే నౌకరి."

మంచం మీదున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. బీరువా తీసి కవరు కోశాను.

పాస్‌వర్డ్ కింద ఆయన చేతిరాత: "ముందు కూర్చో. నీళ్ళు తాగు. ఏం కొట్టబోతున్నవో కాగితం మీద రాసి చదువుకో. చూసుడు ముందు, తుడుచుడు తర్వాత. పనైనంక రూట్ల ఉండకు."

అద్దాల గదిలో యంత్రం పక్కనే సారు వాడే వేరే తెర ముందు కూర్చున్నాను. సగం గ్లాసు నీళ్ళు తాగి, రూట్ పేరుతో లోపలికి వెళ్ళాను. డిస్కులో చోటు ఎంత మిగిలిందని అడిగితే ఏమీ లేదని చూపింది. ప్రింటర్‌కు వెళ్ళాల్సినవి వరుసలో ఆగే డైరెక్టరీని స్పూల్ అంటారని ఆయన చెప్పి ఉన్నారు. అందులో చూస్తే, మూలన పడేసిన పాత ప్రింటర్ కోసం ఆగిన పనులు కుప్పగా ఉన్నాయి. తేదీలు చూసి, తుడవాల్సినవి రాసుకుని, రెండుసార్లు చదివి, అప్పుడు తుడిచాను. నలభై నిమిషాలకు గేటు దగ్గర తెర కదిలింది. మేనేజర్ లారీల వైపు వెళ్ళిపోయాడు.

ఇక నా తప్పు రాయాలి. బీరువాలోంచి బయటికి వచ్చినదేదైనా రిజిస్టర్లో ఎక్కాలి కదా. కవరు తెరిచిన సమయం రాశాను, కారణం రాశాను. పక్కన 'వివరం' అనే గడి ఖాళీగా ఉంది. గడి ఖాళీగా వదలడం నాకు చేతకాదు. అందులో రూట్ పాస్‌వర్డ్‌ను గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ రిజిస్టర్ ఎవరైనా తిప్పి చూసేలా బల్ల మీదే ఉండేది.

తొమ్మిదో రోజు సారు వచ్చారు. నిలబడే పేజీ తిప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అక్కా, తాళం తీసిన్నని రాసినవు, బాగుంది. తాళంచెవి గూడ అంటబెట్టినవేంది?"

ఆ పేజీ అడుగునే మేనేజర్ వారాంతపు సంతకం ఉంది. చదవకుండా పెట్టాడు కాబట్టి సరిపోయింది. చదివి ఉంటే, నేను నిలబెట్టాననుకున్న ఆయన ఉద్యోగం నా చేతిరాతతోనే పోయేది.

"చింపెయ్యమంటరా సార్?" అన్నాను. అంతవరకు ఏ రిజిస్టర్లోనూ నేను కాగితం చింపలేదు.

"చింపితే ఎందుకు చింపినవని అడుగుతరు. తాళమే మారిస్తే అయిపాయె."

వెళ్ళి పాస్‌వర్డ్ మార్చి వచ్చి, నేను రాసినదాని పక్కన "పాతది, చెల్లదు" అని రాసి సంతకం పెట్టారు. కోసిన కవరు తాను తీసుకుని, కొత్త కవరు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఆ సంగతి ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు, నవ్వులాటకు కూడా. తప్పును చింపకుండా సరిచేయవచ్చని నలభై దాటాక నేను నేర్చుకున్నాను, నాకంటే చిన్నవాడి దగ్గర.

సారు పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య దారంతో కట్టిన ఒక కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, ఇవి పారెయ్యొద్దన్నరు. స్టోర్స్ అక్కకే ఇయ్యమన్నరు."

లెక్కపెట్టాను. ఇరవై మూడు కవర్లు. ఇరవై రెండు అతికించినవి అతికించినట్టే ఉన్నాయి, అడ్డంగా ఇద్దరి సంతకాలతో. ఒక్కటే కోసింది. అందులోని కాగితం తీసి చూశాను. సిరా వెలిసింది. "ముందు కూర్చో" అన్న మాట చుట్టూ, ఆనాడు నేను పెట్టిన నీళ్ళ గ్లాసు మరక ఇంకా గుండ్రంగా ఉంది.