ఎదురుగా మెచ్చుకోని హెడ్మాస్టరు

అమెరికాలో డెట్రాయిట్ దగ్గరి నోవైలో, ఆదిశేషు గారి బడి ముందు బోర్డు మీద ఆయన హోదా ప్రిన్సిపాల్ అని ఉండేది. ఉంటే ఉండనీ, డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ మాత్రం ఆయన హెడ్మాస్టరు గారే. చీరాలలో హైస్కూలు నడిపిన మనిషిని ఇంకేమని పిలుస్తారు? మత్తు డాక్టరైన భార్య శశికళకి ఇక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే, ఆవిడ వెంట వచ్చి మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. సెలవు పెట్టిన టీచర్ల క్లాసులు చూశారు, లెక్కలు చెప్పారు, అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అయ్యారు, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ప్రిన్సిపాల్ కుర్చీ ఎక్కారు. ఎక్కారని అనుకోవడమే గానీ, ఆ కుర్చీలో ఆయన కుదురుగా కూర్చోవడం ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ప్రిన్సిపాల్ కాదగ్గ టీచర్ని ఏటా ఒకర్ని ఆ చుట్టుపక్కల బళ్ళన్నీ చూసే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఆయన దగ్గరికి పంపేవాళ్ళు, ఏడాదిపాటు పక్కన ఉండి పని నేర్చుకోమని. ఫైళ్ళూ బడ్జెట్లూ చూపిస్తారేమోనని వాళ్ళు సూటూ బూటూ వేసుకుని వచ్చేవాళ్ళు. ఈయన తీసుకెళ్ళి పసుపు బస్సుల దగ్గర నిలబెట్టేవారు. లంచ్‌రూమ్‌లో చిన్నపిల్లలకి ట్రేలు అందించమనేవారు. బడి ఊడ్చి తుడిచే జానిటర్‌తో కలిసి, బడిని వెచ్చగా ఉంచే బాయిలర్ రూమ్‌లోకి దిగమనేవారు. "బడి అంతా ఆఫీసు తలుపు బయటే ఉంది. ముందు అది చూసి రండి, తర్వాత కూర్చుందాం" అనేవారు. అలా ఆయన చేతికింద తయారైనవాళ్ళు మిషిగన్ నిండా ప్రిన్సిపాళ్ళయ్యారు. క్రిస్మస్‌కి వాళ్ళ దగ్గర్నుంచి కార్డులొస్తే, ఎవరు చూసినా చూడకపోయినా, వేసవి దాకా డ్రాయింగ్‌రూమ్‌లోంచి తీయనిచ్చేవారు కాదు.

ఇంత మంచి మనిషికీ ఒక వంక ఉంది. ఎవరినీ ఎదురుగా మెచ్చుకోరు. మొహం మీద పొగిడితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. అందుకని తప్పులు మొహం మీద చెప్పేవారు, మెచ్చుకోళ్ళు వెనకాల చెప్పేవారు. అమెరికా వచ్చి పదిహేనేళ్ళు దాటినా, టై కట్టుకోవడం వచ్చింది గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు.

ఎనభై మూడులో లొరెటా హారిస్ వచ్చింది. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి టీచరు, ఏళ్ళ తరబడి ఐదో తరగతి చెప్పిన మనిషి. నెల తిరక్కుండా బడిలో ప్రతి పిల్లా పిల్లవాడి పేరూ నోటికి పట్టేసింది. బస్సులో సీటు కోసం ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే వాళ్ళ తల్లులు ఆఫీసుకొచ్చి జుట్లు పట్టుకునేంత పని చేశారు. లొరెటా ఇద్దర్నీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నవ్వించి పంపింది. ఆదిశేషు గారు అంతా చూసి, "కాఫీ చల్లారిపోయింది" అన్నారు.

జనవరిలో ఓ మధ్యాహ్నం మంచుతుఫాను పట్టుకుని బస్సులు రాలేదు. లొరెటా బడి మొత్తాన్నీ జిమ్‌లో కూర్చోబెట్టి చీకటి పడేదాకా పాటలు పాడించింది. ఒక్క పిల్లా ఏడవలేదు. అందరూ వెళ్ళాక ఆశగా ఆయన వైపు చూసింది. "జిమ్‌లో లైట్లు ఆర్పలేదు" అన్నారాయన. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, కార్ల కంపెనీలో ఇంజనీరైన స్నేహితుడు రాధాకృష్ణకి ఫోన్ చేసి, భోజనం చల్లారిపోయేదాకా లొరెటా గొప్పతనమే చెప్పారు. ఆ మాటల్లో ఒక్కటైనా లొరెటా చెవిన పడే దారి లేదు.

మార్చిలో పక్క ఎలిమెంటరీ స్కూల్లో ప్రిన్సిపాల్ ఉద్యోగం ఖాళీ అయింది. అప్లికేషన్ పెట్టడానికి సోమవారమే ఆఖరు రోజు. శుక్రవారం సాయంత్రం లొరెటా ఆయన గదిలోకి వచ్చి, "నేను అప్లై చెయ్యడం లేదు, మిస్టర్ శేషూ. మళ్ళీ నా క్లాసుకి వెళ్ళిపోతాను" అంది.

"అదేమిటి? ఎందుకు?"

"నేను పనికిరానని మీకు ఎప్పుడో అర్థమైంది. నాకే ఆలస్యంగా తెలిసింది."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆదిశేషు గారు ఇంటికెళ్ళి భార్యతో చెబితే ఆవిడ తల పట్టుకుంది.

"ఇన్ని నెలల్లో ఒక్కసారైనా బాగా చేశావు అన్నారా ఆ అమ్మాయితో?"

"ఎదురుగా ఎలా అంటానే?"

"ఇది చీరాల కాదండీ. ఇక్కడ నోరు తెరిచి చెప్పకపోతే లేనట్టే లెక్క. రేపు మన వాళ్ళంతా లంచ్‌కి వస్తున్నారుగా, తననీ ఇన్వైట్ చేస్తాను. మీరే చెప్పండి."

మర్నాడు గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ ముక్క పదిసార్లు అనుకున్నారు. అద్దం ముందు బాగానే వచ్చింది. తీరా లొరెటా గుమ్మంలోకి రాగానే, "కోటు అక్కడ తగిలించండి" అని ఆగిపోయారు.

ఆయన ఆగినా జనం ఆగరు కదా! రాధాకృష్ణ ఎదురెళ్ళి, "లొరెటా అంటే మీరేనా? తుఫాన్లో బడంతటి చేతా పాటలు పాడించారుగా!" అన్నాడు. ఇంకొకావిడ, "కాఫీతో తగువు సెటిల్ చేశారట, మా ఇంటికీ ఒకసారి రండి" అంది. పిల్లలు చుట్టూ మూగి, "ఆంటీ, మీకు అందరి నేమ్స్ తెలుసా, రియల్లీ?" అని అడిగారు.

లొరెటా తెల్లబోయింది. "ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? మా హెడ్మాస్టరు గారే! పోయిన వారం మా ఇంట్లో సాంబారు చల్లారబెట్టుకుని మరీ చెప్పారు" అన్నాడు రాధాకృష్ణ.

లొరెటా మెల్లిగా తిరిగి చూసింది. ఆదిశేషు గారు పెరుగు గిన్నెలో ఏదో పోయినట్టు వెతుకుతున్నారు.

"ఊరందరికీ చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతులో కోపం లేదు, ఆయనకి అదే ఇంకా కష్టంగా ఉంది.

ఆయన నోరు తెరిచారు. ఇంతలో రాధాకృష్ణ తల్లి సుమతి గారు అడ్డం వచ్చారు. "ఇంతమంది నోళ్ళు పడ్డాయి పిల్ల మీద. ముందు దిష్టి తియ్యాలి" అని, ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట పట్టి, లొరెటా చుట్టూ తిప్పి, వంటింట్లో ఎలక్ట్రిక్ స్టవ్ మీద కాలుతున్న మూకుట్లో వేశారు. ఊరి నుంచి వచ్చి వారమైనా కాలేదు, ఇక్కడ ఇళ్ళకి కిటికీలు మూసి ఉంటాయని ఆవిడకేం తెలుసు! ఒక్కసారిగా ఘాటు ఇల్లంతా కమ్మేసింది. పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇంజనీర్లు నలుగురూ దాని కింద చేరి, దగ్గుతూ, ఎలా ఆపాలో నాలుగు రకాలుగా వాదించుకుంటున్నారు.

"అందరూ బయటికి! నడవండి, పరిగెత్తొద్దు!"

లొరెటా గొంతు అది. స్టవ్ ఆపింది. ముందు గుమ్మంలో గుట్టపడ్డ చెప్పుల మీద తట్టుకుని పడతారని, పిల్లల్ని జంటలు కట్టించి గరాజ్ వైపు నడిపించింది. కోట్లూ చెప్పులూ తెచ్చి అందించింది. తన కోటు తీసి సుమతి గారికి కప్పింది. మంచులో అందర్నీ వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టుకుంది. చూస్తున్న ఆదిశేషు గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయల వల్ల కాదు.

"ఇంత ఘాటొచ్చిందంటే పిల్లకి దిష్టే లేదురా!" అన్నారు సుమతి గారు దగ్గుల మధ్య, మహా సంతోషంగా.

లొరెటా అలవాటుగా ఆయన వైపు తిరిగింది. "ఏం మర్చిపోయాను, మిస్టర్ శేషూ?"

"ఏమీ మర్చిపోలేదు." ఆయన గొంతు పెంచారు, వీధి చివరిదాకా వినపడేలా. "ఇన్నేళ్ళలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో మీ అంతవాళ్ళు లేరు. నాకంటే మంచి ప్రిన్సిపాల్ అవుతారు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. సోమవారం అప్లై చెయ్యండి, లొరెటా."

లొరెటా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన్ని పై నుంచి కింది దాకా చూసింది. మంచులో వట్టికాళ్ళతో నిలబడ్డది ఆయనొక్కరే.

"సోమవారం చేస్తాను," అంది. "ముందు మీరు చెప్పులేసుకోండి."