నాలుగు స్క్రూల డబ్బా

ఆరోజు బుధవారం. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం చూసి, క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసి పెట్టుకున్నాను. నాకు అక్షరాలు నలభై ఏళ్లు దాటాక వచ్చాయి, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి నేర్చుకున్నాను. అప్పటి నుంచి మరిచిపోకూడదు అనుకున్నది ఏదైనా అట్లా రాసుకుంటాను.

మా ఆయన నందికొట్కూరులో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగుచేశాడు. పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు నెల తిరిగేసరికి లేచింది. మాట ముద్దగానైనా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. కర్నూలు డాక్టరమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటీ వంచి చూసింది. "నరం చచ్చిపోలేదమ్మా. ఈయన వాడటం లేదు, అంతే. ఇట్లే వదిలేస్తే బిగుసుకుపోతాయి, తర్వాత మేమూ ఏం చేయలేం" అని, నొక్కడానికి రబ్బరు బంతి ఒకటి ఇచ్చింది. ఇంటికి రాగానే ఆయన దాన్ని ఎడమచేత్తో వీధిలోకి విసిరేశాడు.

"నేనేమన్నా ఉయ్యాల్లో పిల్లోన్నా?"

నాకు బతిమాలడం రాదు. తిట్టాను. తిట్టినా పని కాలేదు. ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుని కూర్చునేవాడు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని, గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. నలభై ఏళ్లు నా ఎదురుగా కూర్చుని తిన్న మనిషి. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చేదాన్ని. ఆ వేళ్లు బిగుసుకుపోకముందే ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో నాకు తోచలేదు.

తోచింది మా చిన్నకూతురికి. కర్నూలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తుంది. దానికీ చేతులు ఊరికే ఉండవు, ఆయన పోలికే. అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు కొని, చిన్న తెర తగిలించి, పాత వీడియో గేములు ఆడుకునే మిషన్ సొంతంగా తయారుచేసింది. బటన్లు నొక్కుతుంటే నాయన వేళ్లు కదులుతాయని దాని ఆశ. ఇక ఆ మిషన్‌కు పైన డబ్బా కావాలి. ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోసే మిషన్ ఉన్న స్నేహితురాలి దగ్గర మూడు డబ్బాలు చేయించి, గుడ్డసంచిలో వేసుకుని ఒక ఆదివారం వచ్చింది. ఆయన నిద్రపోతుంటే ఇద్దరం వంటింట్లో నేల మీద పరుచుకున్నాం.

మూడూ పాతకాలం తీరువే. ఒకటి నాలుగు కాళ్ల టీవీ, లడ్డూల డబ్బా అంత. ఒకటి నిలబడి ఆడే గేము మిషన్. ఒకటి రేడియో, పక్కన తిప్పే గుండీలతో సహా.

"టీవీ బాగుండాది కదమా? నాయన అంగట్లో ఇట్లాటివే వరసగా ఉంటాండె" అంది అది.

"వెనక్కి తిప్పు."

"వెనకేముంటాది మా? చూసేది ముందర కదా."

"నువ్వు చూసేది ముందర. మీ నాయన ఎన్నడన్నా టీవీని ముందర నుంచి చూసినాడా?"

అబద్ధం కాదు. చుట్టాల ఇంటికి పోయినా ఆయన కళ్లు టీవీ వెనకకే పోయేవి. నన్ను చూడటానికి మా ఊరు వచ్చిన రోజు కూడా, నేను కాఫీ తెచ్చేలోపల మా నాయన రేడియో మూత విప్పుకుని కూర్చున్నాడు. నన్ను ఆ తర్వాతే చూశాడు.

కూతురు తిప్పింది. టీవీ వెనక ఏమీ లేదు, నున్నగా నొక్కి మూసేసే రకం. గేము మిషన్ వెనక మూత జిగురుతో అతికించారు. రేడియో వెనక మాత్రం నాలుగు మూలలా నాలుగు స్క్రూలు.

"ఇది వద్దులే మా. మొదట చేయించింది ఇదే, సరిగ్గా కుదర్లేదు. స్క్రూలు బయటికి కనపడతాండాయి. రంగు కూడా ఇటుకరాయి మాదిరి ఉండాది."

"ఇదే."

"మా..."

"ఇదే బిగించు. గేము అని చెప్పొద్దు, చేతికి మంచిదని అసలే చెప్పొద్దు. ఊరికే తెచ్చి ఆయన ముందర పెట్టు."

"ఆడకపోతే?"

"ఆడడు. విప్పుతాడు."

అది డబ్బాను ఒళ్లోకి లాక్కుంది. "రెండు నెలలు కూర్చుని చేసినా మా. విప్పి పాడుచేస్తే?"

"చేయనీ."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. మెత్తగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తర్వాత తినేటప్పుడు దాని రొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేశాను.

ఆ బుధవారం సెలవు పెట్టి, అన్నీ బిగించి తెచ్చింది. అప్పటికే పక్కింటి టైలర్ సాయిబు చాయ్ తీసుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తెర వెలగగానే నవ్వాడు.

"ఏం మెకానిక్కూ, రేడియోలో బొమ్మలు కనపడతాండాయే! నీకు చెప్పకుండానే లోకం మారిపాయ."

మా ఆయన ఎడమచేతి వేలితో ఒక బటన్ నొక్కాడు. తెర మీద గేములోని పొట్టివాడు ఎగిరి గుంతలో పడ్డాడు. "పడిపాయ" అని పక్కన పెట్టేశాడు. కూతురి ముఖం వాడిపోయింది. నేను గోంగూర వలుస్తూ తల ఎత్తలేదు.

కాసేపటికి మళ్లీ లాక్కున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వెనక్కి తిప్పాడు.

"ఈ మూల స్క్రూ ఎవరు బిగించినారు?"

"నేనే నాయనా."

"వంకర ఎక్కిచ్చినావు. మెకానిక్ కూతురివి, సిగ్గులేదా?"

"నువ్వు నేర్పిచ్చింటే కదా! ఎన్నడన్నా నన్ను అంగట్లో కూర్చోబెట్టినావా?"

ఆయన ఆ వంకర స్క్రూను ఎడమచేతి బొటనవేలితో తడిమాడు. సాయిబు తల దించి తన చాయ్ గ్లాసులోకి చూశాడు. మా ఆయన కూతురితో అన్నాడు, "స్టార్ స్క్రూడ్రైవర్ తేపో."

తెచ్చింది. ఎడమచేత్తో పెట్టాడు, జారింది. మళ్లీ పెట్టాడు, జారి ప్లాస్టిక్ మీద గీత పడింది. కూతురు ముందుకు వంగితే, దాని చెయ్యి పట్టుకుని ఆపాను. నా వేళ్లకు అంటిన గోంగూర పసరు దాని చొక్కా చేతికి అంటింది. ఆయన తువ్వాలు పక్కకు తీశాడు. కుడిచేతిని ఒళ్లోకి తెచ్చుకుని, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి, ఎడమచేత్తో ఒక్కొక్క వేలినీ దాని చుట్టూ మడిచాడు. డబ్బాను మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. తిప్పాడు.

కొంచెమే తిరిగింది. గోడ గడియారం చూశాను, పదకొండూ ఇరవై.

నుదుటి మీద చెమట పట్టింది. వేళ్లు విడిపోతే మళ్లీ మడుచుకున్నాడు. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఎప్పుడూ వాగే సాయిబు చాయ్ తాగడం కూడా మరిచిపోయాడు.

"ఏమే, ఊరికే చూస్తాండావు? స్క్రూ యాడన్నా పడిపోతాది, చెయ్యి పట్టు."

పట్టాను. నా అరచేతిలో పడింది. జొన్నగింజంత కూడా లేదు, వెచ్చగా ఉంది.

"ఇంకా మూడుండాయి" అన్నాడు నాతో. తర్వాత కూతురి వైపు తిరిగి, "నువ్వు ఈడ కూర్చో. దూరం నుంచి చూస్తే పని రాదు. ఎట్ల తిప్పాల్నో చూడు" అన్నాడు.

అది వెళ్లి ఆయన కుడిపక్కన కూర్చుంది.

క్యాలెండర్ గడిలో ఇంత పట్టలేదు గానీ, అప్పుడు ఆ గదిలో ఉన్నది మంచం మీద మా ఆయన, ఆయనకు ఆనుకుని మా చిన్నకూతురు, చల్లారిన చాయ్ గ్లాసు పట్టుకుని టైలర్ సాయిబు, ఇంకా నేను.