అక్క అల్లి చూపిన లెక్క

నా చిన్నప్పుడు లెక్కల పీరియడ్ వస్తోందంటే నాకు కడుపులో నొప్పి మొదలయ్యేది. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు చెప్పుకునే దొంగ నొప్పి కాదు, నిజం నొప్పే. ఎనిమిదో తరగతి దాకా కూడికలూ వడ్డీలూ వైశాల్యాలూ ఎలాగో ఈదుకొచ్చాను. తొమ్మిదిలోకి వచ్చేసరికి అంకెల మధ్యలోకి ఎక్స్ అనే అక్షరం వచ్చి కూర్చుంది. ఎంతో తెలియనిదాన్ని పట్టుకుని దానికి ఏడు కలపమంటే, మూడుతో గుణించమంటే, లేని పిల్లకి జడ వేయమన్నట్టుండేది నాకు. మా మాస్టారు మంచివారే. ఆయనకి అంతా తెలిసిపోయి ఉండటం వల్ల కాబోలు, గబగబా చెప్పేసి బోర్డు తుడిచేసేవారు. నేను ఇంకా పై లైను దగ్గరే నోరు తెరుచుకుని ఉండేదాన్ని.

మొగల్తూరు దగ్గర ఓ చిన్న ఊరు మాది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని లేసు అల్లేవారు. దారమిచ్చే ఆయన ఉండలు తూచి ఇచ్చి వెళ్ళేవాడు, కొక్కెంలాంటి సన్నటి సూదితో వీళ్ళు గుండ్రటి తెల్లటి అల్లికలు అల్లి పెట్టేవారు. ఆడపిల్ల చేతికి ఆ సూది వచ్చిందంటే బడి అయిపోయినట్టే లెక్క. ఎవరూ మానిపించామని అనేవారు కాదు. "సూది పట్టింది" అనేవారు, అంతే. దాంతో ఆ పిల్ల పుస్తకాల సంచి అటక మీదకి పోయేది.

ఆ ఏడు మూడు నెలల పరీక్షల్లో నాకు లెక్కల్లో వందకి పదకొండు వచ్చాయి. మా నాయనమ్మ ఆ కాగితం చదవలేదు గానీ మా నాన్న మొహం చదివింది. "దాని తలకెక్కనప్పుడు రోజూ అంతంత దూరం ఆ నడకెందుకురా? సూది పట్టిస్తే పోలా?" అంది. మా నాన్న ఆరు నెలల పరీక్షలు కూడా చూద్దామని, అందులో కూడా తప్పితే నాయనమ్మ చెప్పినట్టే చేద్దామని తేల్చేశారు. అందరూ నేను ఏడుస్తాననుకున్నారు. నేనేమో లోపల్లోపల హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఎందుకంటే సూది పట్టిన వాళ్ళలో నాకు బాగా తెలిసింది పక్కింటి అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళమ్మకి కళ్ళు మందగించి సన్న దారం ఆనకపోవడంతో, అక్క ఎనిమిదో తరగతి అవగానే ఆ సూది అక్క చేతికి వచ్చింది. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య తాటాకు దడి ఉండేది. దానికి అవతల, వెలుతురు పడే వసారాలో, ఒళ్ళో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని అల్లుతూ ఉండేది. దారం మాసిపోతుందని పొద్దున్నే కుంకుడు రసంతో చేతులు కడుక్కునేది, పని అయ్యేదాకా తలనూనె జోలికి పోయేది కాదు. అల్లుతూనే కబుర్లు చెప్పేది, అల్లుతూనే నన్ను ఆటపట్టించేది. ఎక్స్ లేని ఆ వసారా నాకు స్వర్గంలా కనిపించేది.

కార్తీకమాసంలో ఓ ఆదివారం ముసురు పట్టింది. భోజనాలయ్యాక దడి సందులోంచి దూరి అక్క దగ్గరికి వెళ్ళాను. నాన్న ఎలాగూ మాన్పించేస్తారు, ఈలోపే నాకు లేసు నేర్పెయ్యమని అడిగాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. అక్క చేతులు ఊరికే ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. సూది పక్కన పెట్టి, "నేర్పుతాలే. కానీ సూది ముట్టుకునే ముందు లెక్క కుదరాలి. నాకా చదువు రాదు. నువ్వు హైస్కూలు దానివి కదా, ఎన్ని కుట్లో నువ్వు చెప్పు, నేను అల్లుతాను" అంది.

గుండ్రటి అల్లికలో మొదటి వరసకి ఆరు కుట్లు. ఆ తర్వాత వరస వరసకీ కొన్ని కుట్లు పెంచుకుంటూ పోవాలి. ఎన్ని పెంచాలన్నది నన్నే చెప్పమంది. నాలుగేసి చాలన్నాను. ఆమె వేళ్ళు ఎంత వేగంగా ఆడేవంటే, నేను కుట్లు లెక్కపెట్టేలోపే నాలుగైదు వరసలు అయిపోయాయి. తీరా చూస్తే అంచులు పైకి లేచి బుల్లి గిన్నె తయారైంది. "బాగుందే, ఇందులో పప్పు వడ్డించుకోవచ్చు" అని నవ్వి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. అల్లినదంతా సర్రున విడిపోయింది. నేను అయ్యో అని అరిచాను. నా నోటుపుస్తకంలో లెక్క తప్పితే పేజీ చింపేసే రకాన్ని నేను. అక్క ఆ దారాన్ని నా వేళ్ళకి చుట్టి, అరిగిందేమో చూడమంది. ఎక్కడా అరగలేదు.

ఈసారి తొమ్మిదేసి పెంచమన్నాను. అంచంతా కుచ్చెళ్ళు పడిపోయి పరికిణీ అంచులా ఎగిరెగిరి పడింది. దాన్నీ లాగేసింది. తర్వాత నేను నోరు మూసుకుని ఆలోచించాను. నాలుగుకి ముడుచుకుంది, తొమ్మిదికి ఎక్కువైంది, మధ్యలో ఉండాలి. ఐదు పెంచి చూశాం, కొంచెం ముడుచుకుంది. ఆరు పెంచి చూశాం. అల్లిక పళ్ళెంలా నేల మీద చదునుగా పరుచుకుంది. బయట చూరు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను ఆ చిన్న తెల్లటి వలయాన్ని అరచేత్తో నిమిరి నిమిరి చూసుకున్నాను. ఆ ఏడాది మొత్తంలో లెక్కల వల్ల నాకు సంతోషం కలగడం అదే మొదలు.

అప్పుడు అక్క మెల్లగా ప్రశ్నలు మొదలుపెట్టింది. దారం సరిపోతుందో లేదో చూసుకోవాలిగా, పదో వరసలో ఎన్ని కుట్లుంటాయో చెప్పవే అంది. ఆరు, పన్నెండు, పద్దెనిమిది అని వేళ్ళ మీద లెక్కపెట్టి అరవై అన్నాను. ఇరవయ్యో వరసలో? ఈసారి వేళ్ళ అవసరం లేకపోయింది, నూట ఇరవై. ముప్పై అయిదో వరసలో? రెండు వందల పది. "ఏ వరసో నేను చెప్పననుకో, అప్పుడెలాగే?" అంది. ఎంతైతే మాత్రమేంటి, దాన్ని ఆరుతో గుణిస్తే సరి అన్నాను. నా గొంతులో కొంచెం విసుగు కూడా ఉంది, ఇంత చిన్న విషయం అర్థం కావట్లేదేంటని.

ఆమె పొయ్యి దగ్గర్నుంచి బొగ్గుముక్క తెచ్చి గచ్చు మీద ఆరు వేసింది. దాని పక్కన గుండ్రటి చేతిరాతతో ఎక్స్ రాసింది. కింద ఇంకో లైనులో ఆరు ఎక్స్ ఈక్వల్‌టు తొంభై ఆరు అని రాసి, తొంభై ఆరు కుట్లున్న వరస ఎన్నోదో చెప్పమంది. నేను పదహారు అన్నాను. అనేశాక గచ్చు మీదకి చూశాను, మళ్ళీ ఆమె మొహంలోకి చూశాను. అయిదు నెలలుగా నన్ను ఏడిపిస్తున్న లెక్కే అది. మాస్టారు బోర్డు మీద రాసేది అచ్చం ఆ లైనే.

అసలు ఆశ్చర్యం నా జవాబు కాదు. ఎనిమిదితో బడి మానేసిన మనిషికి, చదువు రాదని ఇంతకు ముందే చెప్పిన మనిషికి, తొమ్మిదో తరగతి లెక్క ఎలా తెలుసు? అదే అడిగాను. అక్క బొగ్గు అంటిన వేళ్ళని చెంబులో నీళ్ళతో కడుక్కుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది. "పొద్దున్నే పెరట్లో నుంచుని గట్టిగా చదువుతావు కదే. దడికి ఇవతల నేనే కదా ఉండేది. నువ్వు లెక్క చదువుతావు, చెయ్యలేక లోపలికి పోతావు. నేను అల్లుకుంటూ మనసులో చేసుకుంటాను. కొన్ని వస్తాయి, కొన్ని రావు. రానివి మర్నాడు మళ్ళీ చదువుతావేమోనని చూస్తాను."

ఆమే మళ్ళీ అంది, "నువ్వు మానేస్తే ఇద్దరం మానేసినట్టేనే." నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం నేను సూది ముట్టుకోలేదు. ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. మర్నాటి నుంచి పెరట్లో చదివే తీరు మారింది. ప్రతి లెక్కా రెండుసార్లు, నింపాదిగా, అంకెలు విడమర్చి చదివేదాన్ని. చదివాక ఆగేదాన్ని. దడి అవతల్నుంచి ఒక్కోసారి దగ్గు వినిపించేది, అంటే జవాబు వచ్చిందన్నమాట. ఎక్కడైనా చిక్కుపడితే సాయంత్రం దడి దాటి వెళ్ళి ఇద్దరం మొదటి లైను దాకా విప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. పేజీలు చింపడం మానేశాను. ఆరు నెలల పరీక్షల్లో నలభై నాలుగు వచ్చాయి. గొప్ప మార్కులేం కాదు. కానీ మా నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నాయనమ్మ సూది మాట మళ్ళీ ఎత్తలేదు. నేను పరుగున వెళ్ళి అక్కకి చెబితే, "మనకి నలభై నాలుగా!" అంది.

ఆ వేసవిలో అక్కకి పెళ్ళయింది. యానాం అవతల ఏదో ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఇల్లమ్ముకుని కూతురి దగ్గరికే వెళ్ళిపోయారు. అప్పట్లో ఫోన్లు లేవు, ఉత్తరం రాయాలని నాకు తోచలేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి మనుషులు ఎల్లకాలం పక్కనే ఉండరన్న సంగతి ఏం తెలుస్తుంది? పదో తరగతి అంతా నేను ఖాళీ వసారా వైపు తిరిగే గట్టిగా చదివాను. లెక్క చదివి ఆగేదాన్ని. దగ్గు వినిపించేది కాదు.

ఆ తర్వాత నేను లెక్కల టీచర్నే అయ్యాను. ముప్పై ఏళ్ళకి పైగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఆ ఎక్స్‌నే చెప్పి రిటైరయ్యాను. ఈమధ్య మా వీధి చివర ఉండే కుర్ర టీచరమ్మ ఎక్స్ పాఠానికి తన లెసన్ ప్లాన్ పట్టుకొచ్చింది. ఈ పాఠంలో పిల్లలు ఏం నేర్చుకోవాలి అని ఒక గడి, దానికి వాళ్ళతో ఏ యాక్టివిటీ చేయించాలి అని ఇంకో గడి. రెండో గడి నేను ఇట్టే నింపాను. దారం, కొక్కెం సూది, నాలుగేసి పెంచు, తొమ్మిదేసి పెంచు, విప్పు, మళ్ళీ అల్లు. "భలే ఐడియా మేడమ్, ఏ ట్రైనింగ్‌లో చెప్పారండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళాను.

మొదటి గడి దగ్గర నాకు ఎప్పుడూ చిక్కే. ఏ వరసకైనా సరిపోయే సూత్రం రాయగలగడం అని రాస్తాం, అది నిజమే. కానీ ఆ ముసురు రోజున నేను నేర్చుకున్నది అదొక్కటే కాదు.

ఉద్యోగం చివరి రోజుల్లో ఓసారి తొమ్మిదో తరగతిలో పిల్లల చేత లెక్క గట్టిగా చదివిస్తున్నాను. ఒక సంఖ్యకి మూడు రెట్లలోంచి అయిదు తీసేస్తే నలభై వచ్చింది, ఆ సంఖ్య ఎంత? పిల్లలు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. వరండాలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. తల ఎత్తకుండానే, తనలో తాను అనుకున్నట్టు, "పదిహేను" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ బిత్తరపోయి చేట పట్టుకుని లేచింది. ఎలా వచ్చిందో లోపలికి వచ్చి చెప్పమని అడిగాను. "ఆయ్, నాకు చదువు రాదండి బాబూ, ఏదో నోరు జారానండి" అంది.

ఆ మాట నేను చిన్నప్పుడు ఒకసారి నమ్మాను. దడి అవతల చదువుకోవాలని ఉన్న మనిషి ఉందని తెలియక, ఆమె కూర్చున్న చోటుని స్వర్గమనుకున్నాను. తెలిశాక కూడా ఆమెని మళ్ళీ బడికి పంపమని ఒక్క పెద్దమనిషినీ అడగలేదు. అప్పట్నుంచీ తమకి చదువు రాదని ఎవరన్నా నేను నమ్మను. ఆవిడ చెయ్యి పట్టుకుని బోర్డు దాకా తీసుకొచ్చి, వేళ్ళ మధ్య సుద్దముక్క పెట్టాను. నలభైకి అయిదు కలిపి, మూడుతో భాగించి, వంకర టింకరగా పదిహేను రాసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ అంకె చెరిపెయ్యలేక, గంట కొట్టేదాకా ఆ బోర్డు పక్కనే నిలబడ్డాను, అక్క ఎక్కడుందో అనుకుంటూ.