అక్తరక్క విమర్శ

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే అక్తరున్నీసా అందరికీ మేడం. తెలుగు చెప్పే నాకు మాత్రం అక్క. నెల్లూరులో అత్తరు వ్యాపారం చేసిన తండ్రి ఆమెకు చిన్నప్పుడే ఫారసీ నేర్పించాడు. ఆ చదువు ఊరికే పోలేదు. ఈ కాలపు ఫారసీ, ఇంగ్లీషు నవలల్లో ఆడవాళ్లు తమ కథ తాము ఎలా చెప్పుకుంటారన్న దాని మీద అక్క డాక్టరేటు చేసింది. కథ చెప్పే మనిషి వేరు, రాసిన మనిషి వేరు, కథలో రచయితను వెతికేవాడు పాఠకుడు కాదు పోలీసు అని పిల్లలకు నూరిపోసేది. నాకు ఒళ్లు మండేది.

"కన్నీళ్లను కూడా స్కేలు పెట్టి కొలుస్తావా అక్కా?" అంటే నవ్వేది.

"ఏడస్తా చదివితే అక్షరాలు కనపడవు వినీలా."

ఆమె సిద్ధాంతాన్ని పూర్తిగా వంటబట్టించుకున్నది కూతురు సుమయ్య ఒక్కతే. అన్నం దగ్గర కూర్చున్నా తల్లీకూతుళ్లు ఏదో ఒక నవలను చీల్చి చెండాడుతూ ఉండేవాళ్లు. ఇంటి సంగతులు కూడా నేరుగా మాట్లాడుకునే అలవాటు లేదు, కథ మీద పెట్టే మాట్లాడుకునేవాళ్లు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు సుమయ్య "ఈ కథానాయకుడు నచ్చినాడు" అనే చెప్పింది.

ఆ కథానాయకుడు కలీం, పోర్టు పనుల్లో సూపర్‌వైజరు. కాపురం ముత్తుకూరులో. సుమయ్య అక్కడే బడిలో టీచరుగా చేరింది.

పెళ్లయిన రెండో ఏడు ఆమె ఇంగ్లీషులో ఒక కథ రాసి తల్లికి పంపింది. భర్త బండి చప్పుడు వినగానే వంటగదిలోకి పోయి గడియ పెట్టుకునే ఆడమనిషి కథ. అతను కొట్టినట్టు ఎక్కడా ఉండదు. అక్క మురిసిపోయి స్టాఫ్‌రూములో అందరికీ చూపించింది. అక్కడినుంచే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"నీ కథ చెప్పే ఆమెను నమ్మేదానికి లేదు సుమయ్యా. భయం చెప్తా ఉంది, కారణం దాస్తా ఉంది. చదివేవాళ్లకు అనుమానం రావాల. అదే నీ గొప్ప."

"ఆమె అబద్ధం చెప్తా ఉందంటావా అమ్మీ?"

"నిజమో అబద్ధమో మనకెందుకు? ఆమె కాయితం మీది మనిషి."

"సరే అమ్మీ," అని సుమయ్య ఫోన్ పెట్టేసింది.

ఎండాకాలం సెలవుల్లో సుమయ్యను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు. కలీం కొట్టిన దెబ్బకు ఎడమ చెవి పోయింది, ఇక వినపడదన్నారు. తీసుకొచ్చింది ఆమెతో పనిచేసే రెబెక్కమ్మ టీచరు. పోలీసులకు చెప్పేటప్పుడు పక్కన నిలబడిందీ ఆవిడే. అక్కకు కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

సుమయ్య పుట్టింటికి రాలేదు. రెబెక్కమ్మ ఇంటి మేడ మీది గదిలో దిగింది. అక్క నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయింది. సుమయ్య కుర్చీలు వేసింది, టీ ఇచ్చింది, మా పిల్లల చదువులు అడిగింది. కన్నతల్లిని చుట్టంలాగా కూర్చోబెట్టింది.

అక్క కూతురి చేయి పట్టుకుంది.

"ఏం జరిగిందో నాకు చెప్పమ్మా. మొదట్నుంచి చెప్పు. నమ్ముతా," అంది.

సుమయ్య కోప్పడలేదు. చేయి కూడా విడిపించుకోలేదు.

"నీకు అప్పుడే చెప్పినా గదా అమ్మీ," అంది. "ఇంకోసారి నా వల్ల కాదు."