పచ్చ బోర్డు బండి

మా అన్న టాక్సీ నడపడం మానేశాడు. ఎందుకని ఎవరైనా అడిగితే కళ్లు సరిగా లేవంటాడు. అది నిజం కాదు. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ ఈ మాటే చెప్పాను, ఇక్కడా అదే చెబుతున్నాను.

రాజపాళయంలో మేము ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాం. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు మా తెలుగు విని నవ్వుతారు. అలా నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తే.

మా ఇళ్లలో పచ్చ అంటే పసుపు రంగు. బంతిపువ్వు పచ్చ. కామెర్లు వస్తే కళ్లు పచ్చబడతాయి. ఆకు రంగును ఆకు రంగనే అంటాం. అద్దె బండికి ఉండే పసుపు నంబరు ప్లేటు మాకు పచ్చ బోర్డు, సొంత బండిది తెల్ల బోర్డు. అన్న మొదటిసారి పచ్చ బోర్డు బండి తెచ్చినప్పుడు మా వదిన అద్దానికి కాకుండా ఆ బోర్డుకే ముందు కుంకుమ పెట్టింది. "ఇది దా మనకు కూడు పెట్టేది" అంది. 'ఇదే' అనడానికి మేము 'ఇది దా' అంటాం.

అద్దె బండి నడిపేవాడి లైసెన్సు పొడిగించాలంటే డాక్టరు కళ్లు చూసి, రంగులు గుర్తుపడుతున్నాడని రాసివ్వాలి. ఆ నిబంధనతో నాకు తగవు లేదు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాడి బండిలో నేను మాత్రం ఎక్కుతానా? నా తగవంతా ఆ రోజు పరీక్ష జరిగిన తీరుతోనే.

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. డాక్టరు కుర్రవాడు, కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చాడు. మేము మాట్లాడుకోవడం విని, "అరె, మీరు తెలుగువాళ్లా!" అన్నాడు. అన్న వెంటనే చొక్కా సర్దుకుని కూర్చున్నాడు, చుట్టాలింటికి వచ్చినట్టు.

"తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోలేదు సార్. తాతలు తెచ్చినారు, మేము ఉంచుకొన్నాము."

"తెచ్చినారు, ఉంచుకొన్నాము! అచ్చం మా తాతమ్మ మాట" అని డాక్టరు నవ్వాడు. తర్వాత నర్సు వైపు తిరిగి ఇంకోసారి నవ్వాడు. మొదటి నవ్వును క్షమించగలను. రెండోదాన్ని కాదు.

అక్షరాల పరీక్ష అయింది. ఆ తర్వాత రంగు కాగితాలు తీశాడు. "తెలుగులోనే చెప్పండి, వినాలని ఉంది" అన్నాడు. ఎర్ర కాగితానికి అన్న "ఎర్ర" అన్నాడు. తర్వాత పసుపుది చూపించాడు.

"పచ్చ."

డాక్టరు దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి మళ్లీ చూపించాడు.

"పచ్చ దా సార్."

ఆకుపచ్చది తీశాడు. "మరి ఇది?"

"అది ఆకు రంగు."

"ఇది ఆకు రంగయితే అది పచ్చ ఎలా అవుతుంది?"

నేను అడ్డం వెళ్లాను. "సార్, మాకు పచ్చ అంటే..."

"పక్కవాళ్లు అందించకూడదు. బయట ఉండండి."

నర్సు నన్ను గుమ్మం దాటించింది. తలుపు తెరిచే ఉంది. డాక్టరు చివరి ప్రశ్న నాకు వినబడింది. "మీ టాక్సీ బోర్డు ఏ రంగు?"

అన్న హాయిగా ఊపిరి వదిలాడు. ఈ ఒక్కటీ తప్పే అవకాశమే లేదు. "పచ్చ బోర్డు సార్!"

డాక్టరు రంగులు తెలియడం లేదని రాసేశాడు. కోపంగా కాదు, జాలిగానే. "ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదంటే దేవుడి దయ" అన్నాడు. ఆ మాటే మా అన్న లోపలికి దిగింది.

లైసెన్సు ఆగింది. బండి వేపచెట్టు కింద నిలబడింది. నేను మనవులు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ఒక ఆఫీసులో గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "మీ భాషలోనే కదయ్యా అడిగాడు! ఇంకేం అన్యాయం?" అన్నాడు. పక్క బల్లవాళ్లు కూడా నవ్వారు. వాళ్లనూ మరిచిపోలేదు.

అన్న మాత్రం తిరగలేదు, ఎవరినీ తిట్టలేదు. వంటింట్లో పసుపు డబ్బా మూత తీసి చూస్తూ నిలబడేవాడు. వదిన చీర రంగు ఏమిటని పిల్లల్ని అడిగేవాడు. ఎప్పుడో తళవాయిపురం మలుపులో ఒక మేకకు బండి తగిలింది. అక్కడ సిగ్నలూ లేదు, రంగూ లేదు. అయినా ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "ఆ మేక కూడా ఇందువల్ల దానేమో రా" అన్నాడు.

చివరికి ఇంకో డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. ఆమె తమిళంలో అడిగింది. ఎరుపుకు సివప్పు, పసుపుకు మంజళ్, ఆకు రంగుకు పచ్చై అని అన్న తడుముకోకుండా చెప్పాడు. అన్నీ సరే అని ఆమె సంతకం చేసింది. అంతే. ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

లైసెన్సు వచ్చిన రోజు బండి కడిగి ఇద్దరం బయలుదేరాం. స్టాండులో డ్రైవర్లు ఆయన చోటు వదిలి బండ్లు పెట్టుకుంటున్నారు. "అణ్ణే, మీ చోట్లో కాకిని కూడా వాలనీలేదు" అని ఒకడు ముందురోజే ఫోనులో అరిచాడు. బస్టాండు దారిలో సిగ్నలు దగ్గర ఆగాం. ఆకుపచ్చ దీపం వెలిగింది. అన్న కదలలేదు. వెనక షేర్ ఆటోలు హారన్లు మోగించాయి.

"అన్నా, పో."

"ఏం రంగు పడింది రా?"

"ఆకు రంగు. పో అన్నా!"

"నిజంగానా?"

నిజంగానే అడిగాడు. సిగ్నలు దాటించి, బండిని ఓ పక్కకు ఆపి, తాళం నా ఒళ్లో పెట్టాడు.

"ఆయమ్మ సరే అన్నది గదా! కాగితం ఉంది గదా!" అని అరిచాను.

"ఆయమ్మ తమిళంలో అడిగింది రా. ఆయన మన తెలుగాయన. మనోడికి మన మీద అబద్ధం చెప్పే పనేముంది?"

ఆ బండిని ఇప్పుడు మంసాపురం మనిషి ఒకతను నడుపుతున్నాడు. ఆ డాక్టరు బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆయన మా ఇంటికి ఒక్కసారి వచ్చి, పొరపాటు తనదేనని మా అన్నకు తెలుగులో చెప్పాలని మనవి పెట్టాను. అలా చెప్పించే నిబంధన ఏదీ లేదని జవాబు వచ్చింది. మళ్లీ పెట్టాను.