వద్దంటే ఆగిపోయే చెయ్యి

మా అమ్మాయి పెళ్ళి చేసుకుంటానన్న అబ్బాయిది మణిపూర్. చేసేది వంట. అందులోనూ జపాన్ వంట. ఈ మూడింటిలో దేన్ని ముందు అరిగించుకోవాలో తెలియక నేను చాలాకాలం నోరు మెదపలేదు.

నిడదవోలు దగ్గర మాది వరి వ్యవసాయం. అమ్మాయి, అతనూ బెంగళూరులో ఒకే హోటల్లో పనిచేసేవాళ్ళు. ఇద్దరూ కలిసి రాజమండ్రి వచ్చి, పట్టుమని పదిమంది కూడా పట్టని చిన్న హోటలు తెరిచారు. నేను ఆ ఛాయలకు వెళ్ళలేదు. చివరికి అమ్మాయే ఇంటికొచ్చి, "ఒక్కసారి వచ్చి తను పెట్టింది తిను నాన్నా. తర్వాత నీ ఇష్టం. నువ్వు వద్దంటే చేసుకోం" అంది.

నిజం చెప్పాలంటే లోపల నాకు పెద్ద అభ్యంతరమేమీ లేదు. పిల్ల ముఖంలో వెలుగు చూస్తూనే ఉన్నాను. కానీ మొదటి మాటకే ఒప్పుకోవడం మావైపు ఆనవాయితీ కాదు. పెద్దవాళ్ళు ముందు వద్దనాలి. పిల్లలు అలగాలి, బంధువులు వచ్చి నచ్చజెప్పాలి, అప్పుడు "సరే, మీ ఇష్టం వచ్చినట్టు ఏడవండి" అనాలి. మా నాన్న మా చెల్లెలి పెళ్ళికి అలాగే ఒప్పుకున్నాడు. నేనూ అదే వరసలో, భోజనం అయ్యాక వద్దని చెప్పాలనే నిర్ణయంతోనే బయల్దేరాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. టేబుళ్ళు లేవు. పొడుగాటి చెక్కబల్లకి ఇవతల మనం, అవతల అతను. మాతోపాటు ఊళ్ళో డాక్టర్లైన భార్యాభర్తలిద్దరు ఇంకో చివర కూర్చున్నారు. మెనూ ఏదని అడిగాను.

"మెనూ ఉండదు నాన్నా. తను ఏం పెడితే అది తినడమే" అంది నా పక్కన కూర్చున్న అమ్మాయి.

"మీ అమ్మ దగ్గర ఇన్నాళ్ళూ చేస్తున్నది అదేగా" అన్నాను. మా ఆవిడ నా మోచేతి మీద పొడిచింది.

అతను తడి చేత్తో కాస్త అన్నం తీసుకుని, రెండు వేళ్ళతో అదిమి, పైన పల్చటి చేపముక్క పరిచి, నా ముందు పళ్ళేనికి బదులుగా ఉన్న రాతి పలక మీద పెట్టాడు. పచ్చి చేప. పులసని గంటలకొద్దీ పులుసులో మగ్గబెట్టుకునే వంశం మాది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. చేప వెన్నలా జారిపోయింది. అన్నం గోరువెచ్చగా, కాస్త పుల్లగా ఉంది. ఆ వెనక ఆవఘాటు ముక్కుకెక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత బాగుందో! బాగుందని మాత్రం అనలేదు.

రెండోది రొయ్య. అదీ తిన్నాను. మూడోది పెట్టబోతుంటే, అలవాటు కొద్దీ పలక మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండి, ఇంక వద్దండి" అన్నాను.

మా ఊళ్ళో అలా అనకుండా తినేవాణ్ణి ఆబగా తిన్నాడంటారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్ళు "అయ్యో, ఏం తిన్నారండీ!" అంటూ వేళ్ళ సందుల్లోంచి అయినా వేసేస్తారు.

అతను మాత్రం, మా అమ్మాయి నేర్పిన తెలుగులో "సరేనండి" అని తలవంచి, ఆ ముక్క మా ఆవిడకి పెట్టేశాడు.

తర్వాతిదీ ఆవిడకే. ఆ తర్వాతది డాక్టరు గారికి. నా ముందు పలక తుడిచి, వేడి టీ పెట్టాడు. ఎర్రటి చేపలూ, తెల్లటి చేపలూ, నిప్పుల మీద కాల్చినదేదో కమ్మటి వాసన కొడుతూ నా ముక్కు ముందు నుంచే వెళ్ళిపోతున్నాయి. కడుపులో పేగులు అరుస్తున్నాయి. ఉక్రోషం వచ్చింది.

"బతిమాలడం కూడా తెలియని మనిషా!" అని అమ్మాయి చెవిలో గొణిగాను.

"నువ్వే వద్దన్నావుగా నాన్నా. ఇష్టంలేని వాళ్ళకి పెడితే అవమానించినట్టే అనుకుంటాడు. ఎవరేం చెప్పినా నిజమనే నమ్ముతాడు" అంది. దాని గొంతులో దిగులు వినిపించింది.

అప్పుడు నాకు భయం వేసింది. కాసేపట్లో నేను రెండో వద్దు కూడా చెప్పబోతున్నాను. ఇతను అలగడు, మనుషుల్ని పంపించడు. ఇలాగే తలవంచి, సరేనండి అని తప్పుకుంటాడు. పక్కన నా కూతురు పలక కేసి చూస్తూ కూర్చుంటుంది. బతిమాలించుకుని ఒప్పుకుందామనుకున్న పెద్దరికం కాస్తా దాని బతుకు మీదికి వచ్చేలా ఉంది.

పుట్టి బుద్ధెరిగాక పరాయి చోట నోరు తెరిచి ఇంకా కావాలని అడిగినవాణ్ణి కాదు.

"బాబూ" అన్నాను. "ఇందాక మొహమాటానికి వద్దన్నాను. నాకు ఆకలిగా ఉంది. మీరు చేసింది చాలా బాగుంది. పెట్టండి."

అతను నా ముఖంలోకి చూశాడు. ఎందుకు వద్దన్నావని గానీ, ఇప్పుడెందుకు కావాలన్నావని గానీ అడగలేదు. చేతులు కడుక్కుని, నేను పోగొట్టుకున్నవన్నీ మొదటి నుంచీ వరసగా పెట్టుకొచ్చాడు. ఒక్కదానికీ చెయ్యి అడ్డం పెట్టలేదు నేను.

ఆఖరున తియ్యటి గుడ్డట్టు ముక్క తిన్నాక, ఆ ఊపు తగ్గకముందే చెప్పేశాను.

"మా అమ్మాయిని మీరు చేసుకోవడం నాకు ఇష్టమేనండి. మీ పెద్దవాళ్ళని రమ్మనండి."

అమ్మాయి నా భుజానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అతను చేతిలోని కత్తి పక్కన పెట్టి, "వెంటనే ఫోన్ చేస్తానండి" అని నిజంగానే ఫోన్ తీసుకుని వెనక గదిలోకి పరిగెత్తాడు.

మా ఆవిడ మాత్రం గోదావరి వంతెన దాటి నిడదవోలు చేరేదాకా, "నిజంగానే అన్నారా?" అని అడుగుతూనే ఉంది. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి కదా. అడిగినప్పుడల్లా నిజమేనని చెప్పాను.